సొంత పిల్ల ఆఖర్న

ఆ వీధిలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎదురుపడితే "కెప్టెన్ గారూ" అంటారు, మలుపు తిరగ్గానే "వరుసమ్మ" అంటారు. ఆదివారం మధ్యాహ్నాలు బడి మైదానంలో స్కౌటు పిల్లల్ని నిలబెట్టి "వరుస! వరుస!" అని ఆమె పెట్టే కేకలు కూరగాయల కొట్టు దాకా వినపడతాయి. ఆ కేక వింటే తన కొట్లో దుంపలు కూడా బారు తీరుతున్నాయని కొట్టతను ఒకసారి ఎగతాళి చేశాడు. అది ఆమె చెవిన పడింది. అంతే, ఆ రోజునుంచి రెండు వీధులు దాటి వెళ్ళి పుచ్చులైనా కొని తెచ్చుకుంది గానీ అతని కొట్టు గడప తొక్కలేదు. కోపం అందరికీ వస్తుంది, పోతుంది. ఆమెకి మాత్రం వచ్చిన కోపం ఇంట్లో మనిషిలా ఉండిపోయేది.

ఆమెకి రెండు పనులు. వారమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని కన్నకూతురికి చదువు చెప్పడం ఒకటి. ఆదివారం బడి మైదానంలో, అక్కడే చదివే పేట పిల్లలందరినీ పోగేసి స్కౌటు ట్రూపు నడపడం ఇంకొకటి. సొంత పిల్లని బడి మాన్పించి, ఆ బడి మైదానంలోనే ఊళ్ళో పిల్లలకి క్రమశిక్షణ నేర్పుతానంటుందేమిటి ఈవిడ అని ఆడిపోసుకోని నోరు లేదు. నోళ్ళకేం, అవి ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

పిల్లని బడి మాన్పించడానికి కారణం ఉంది. బుడ్డి (అందరికంటే పొట్టి కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు స్థిరపడింది) రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఒక సోమవారం పొరపాటున పక్క సెక్షన్‌లోకి వెళ్ళి కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. మర్నాడూ అక్కడే కూర్చుంది. వారమంతా కూర్చుంది. తన తరగతి టీచరు పిల్ల రాలేదనుకోలేదు, ఆ తరగతి టీచరు కొత్త పిల్ల వచ్చిందనుకోలేదు. శనివారం హోంవర్కు చూస్తుంటే తల్లికి తెలిసింది. తెలిసిన మరుక్షణం చెప్పులేసుకుని బడికి వెళ్ళింది.

ఆ బడిలో వైస్ ప్రిన్సిపాల్ ఎవరో కాదు, ఆమె ఆడబిడ్డే. మొగుడికి స్వయానా అక్క. కళ్ళజోడు ముక్కు చివరకి జార్చి, పై నుంచి చూస్తూ మాట్లాడే మనిషి. ఆవిడ మరదలి మాటలన్నీ విని, తాపీగా అంది.

"ఏ సెక్షన్‌లో కూర్చుంటే ఏమైందమ్మా? రెండిట్లో పాఠం ఒకటేగా."

"పిల్ల కనపడకపోతే వెతకరా వదినా మీరు?"

"తరగతికి అరవైమంది. ఒక్కొక్కళ్ళనీ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలా? అంత ముద్దయితే ఇంట్లోనే పెట్టుకో."

మాట అని ఊరుకుందామనుకుంది ఆడబిడ్డ. కానీ వరుసమ్మ ఊరుకునే రకం కాదు. అక్కడికక్కడే టీసీ రాయించుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటింది. ఆ రోజునుంచి ఆ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బుడ్డి తండ్రి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. నోరు లేని మనిషి. అక్క ఎదురుగా అక్కదే న్యాయమనేవాడు, పెళ్ళాం ఎదురుగా పెళ్ళాందే న్యాయమనేవాడు, ఇద్దరూ ఎదురుగా ఉంటే షాపులో పని ఉందని లేచిపోయేవాడు.

ఇంట్లో చదువు మాత్రం బాగా సాగింది, ఆ మాట ఒప్పుకోవాలి. తండ్రి తెచ్చిచ్చిన పనికిరాని అద్దాలతో గోడ మీద వెలుగు పడేసి తల్లి పాఠం చెప్పేది. కిటికీ తెరలకి గుడ్డ కొలిపించి లెక్కలు చేయించేది. బల్ల కాలికి తాడు కట్టి ముడులు వేయించేది. బుడ్డి ఒకసారి వింటే మర్చిపోదు. ఏదైనా అడిగితే గడగడా అప్పజెబుతుంది, ఎందుకలా అంటే అదీ చెబుతుంది. తల్లికి లోపల గర్వంతో ఒళ్ళు పొంగేది, పైకి మాత్రం "సరేలే, తర్వాతిది చెప్పు" అనేది.

చిక్కంతా మైదానంలో వచ్చింది.

ట్రూపు మొదలైన కొత్తలో తాళ్ళతో ముడులు వేసే పోటీ పెడితే బుడ్డి అందరికంటే ముందు వేసేసింది. చూడ్డానికి వచ్చిన తల్లుల్లో బేకరీ నడిపే ఆవిడ ఉంది. ఆవిడ కొడుకు తాడులో తన వేలే బిగించుకుని ఏడుస్తున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"కెప్టెన్ కూతురికేం! ఇంట్లో ముందే అన్నీ నేర్పేసి తీసుకొస్తుంది. మన పిల్లలేమో వెనక నిలబడి చప్పట్లు కొట్టాలి. ఈ భాగ్యానికి ఆదివారం నిద్ర చెడగొట్టుకుని రావాలా?"

మిగతా తల్లులు తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపింది గేటు దగ్గర నిలబడ్డ వైస్ ప్రిన్సిపాల్. ఆ తల ఊపడం చూసి వరుసమ్మకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఎవరు ఏమన్నా పడుతుందేమో గానీ పక్షపాతం అన్న మాట ఆమె పడలేదు. ఈల ఊది అందరినీ నిలబెట్టి, అందరూ వినేలా చెప్పింది.

"ఈ రోజునుంచి నా పిల్ల ప్రతిదానికీ ఆఖర్న నిలబడుతుంది. మీ పిల్లలందరి వంతూ అయ్యాకే దాని వంతు. ఇక ఎవరైనా నోరెత్తితే మర్యాదగా ఉండదు."

అన్న మాట అక్షరాలా జరిపించింది. తాడు వంతెన కడితే అందరూ ఊగుతూ దాటేవాళ్ళు, బుడ్డి దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ గేటుకి తాళం వేయాలని తొందరపెట్టేవాడు, తాళ్ళు విప్పేసేవాళ్ళు. గుడారం వేయడం అందరి వంతు, విప్పి మడతపెట్టడం బుడ్డి వంతు. పొయ్యి రాజేయడం నేర్పిన రోజుల్లో ఎండుపుల్లలు అయిపోయేవి, లేకపోతే వాన వచ్చేది, లేకపోతే ఎవరో చెయ్యి కాల్చుకునేవాళ్ళు. బిస్కెట్లు పంచితే డబ్బా అడుగున పొడి మిగిలేది. మొదట్లో ఆ పిల్ల "నా వంతో?" అని అడిగేది. "ఇంటికెళ్ళాక నేర్పుతాలే" అనేది తల్లి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. పిల్లకి ఓర్పు వచ్చిందని తల్లి మురిసిపోయింది.

ఇంటికెళ్ళాక నేర్పేది కూడా. కాకపోతే వంటింటి బల్ల మీద. పెన్సిళ్ళే కట్టెలు, చించిన కాగితాలే ఎండుగడ్డి. గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుని పెన్సిళ్ళు ఎలా పేర్చాలో, లోపల ఎంత ఖాళీ వదలాలో పిల్ల అచ్చుగుద్దినట్టు చేసి చూపించేది. అసలు నిప్పు మాత్రం ఆ బల్ల మీదికి రాలేదు. పొయ్యి దగ్గరికి పిల్ల వస్తే "ఒళ్ళు కాల్చుకుంటావ్, జరుగు" అని కసిరేది. మైదానంలో పక్షపాతం భయం, ఇంట్లో కాలుతుందన్న భయం. ఆ రెండు భయాల మధ్యా పిల్ల చేతికి అగ్గిపెట్టె రాకుండా పోయిందని ఆమెకి ఒక్క క్షణం తట్టలేదు. వీధిలో అందరి తప్పులూ ఏరడంలో తీరిక లేని మనిషికి సొంత వంటింట్లో తప్పు కనపడుతుందా?

ఇలా రెండు మూడేళ్ళు గడిచాక ఒక సాయంత్రం ఆడబిడ్డ ఇంటికి వచ్చింది. వచ్చి, కూర్చోమనకుండానే కూర్చుంది.

"ఒరే తమ్ముడూ, నువ్వు కదలకు. నీ షాపు ఎక్కడికీ పోదు," అంది ముందుగా. అతను లేవబోయినవాడు అక్కడే చతికిలపడ్డాడు. "మేనేజ్‌మెంటు వాళ్ళు అడుగుతున్నారు. మన బడిలో లేని పిల్ల మన మైదానంలో ఎందుకుంటుందీ అని. నేను ఎన్నాళ్ళని సర్దిచెప్పను?"

"అడుగుతున్నది మేనేజ్‌మెంటా, మీరా వదినా?"

"ఇద్దరమూ అనుకో. దాచేదేముంది? నా మేనకోడలు చదువూ సంధ్యా లేకుండా వంటింట్లో పెరుగుతుంటే నాకు తలకొట్టేసినట్టుంది."

"మీ బడిలో పదో తరగతి పిల్లలకి రాని లెక్కలు దానికి వచ్చు. పిలవనా? అడుగుతారా?"

"నేను అడగను. నేను అడిగితే కావాలని తప్పు పట్టాననంటావు," అంది ఆడబిడ్డ, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "వచ్చే ఆదివారం మీ బ్యాడ్జి పరీక్ష ఉందటగా. బయటనుంచి ఎవరో మేడమ్ వస్తుందటగా. ఆవిడకి మనం ఎవరమో తెలీదు. నీ పిల్ల గట్టెక్కితే ఈ జన్మలో బడి మాట ఎత్తను, మైదానం సంగతి కూడా నేనే చూసుకుంటాను. గట్టెక్కకపోతే సోమవారం పొద్దున్న అది నా బడిలో ఉండాలి. సరేనా?"

భర్త నేలచూపులు చూస్తున్నాడు. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది, అక్కాతమ్ముళ్ళు ముందే మాట్లాడుకున్నారని. వరుసమ్మకి ఇద్దరి మీదా అసహ్యం పుట్టింది. తలుపు పక్కన నిలబడి బుడ్డి అంతా వింటోంది. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు.

"సరే," అంది తల్లి. "సోమవారం మీరు నోరు కట్టుకుని కూర్చోవడానికి సిద్ధంగా ఉండండి."

ఆ వారమంతా పిల్లని నమిలేసింది. లేస్తే ముడులు, కూర్చుంటే దిక్కులు, తింటుంటే గాయానికి కట్టు. పెన్సిళ్ళు ఎన్నిసార్లు పేర్పించిందో లెక్కలేదు. బుడ్డి ఒక్కటీ తప్పలేదు. ఆడబిడ్డ మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుని తలుచుకుని ఆమె చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

ఆదివారం మైదానం చుట్టూ కుర్చీలు వేశారు. తల్లులు, తండ్రులు, బేకరీ ఆవిడ, కొన్నాళ్ళుగా మొహం చూడని కూరగాయల కొట్టతను కూడా వచ్చారు. అందరికంటే ముందు కుర్చీలో వైస్ ప్రిన్సిపాల్. పరీక్ష చేసే మేడమ్ పెద్దావిడ, నవ్వు మొహం. ట్రూపు కెప్టెన్లు పక్కకి జరగాలి, పిల్లలతో మాట్లాడకూడదు, అది నియమం. వరుసమ్మ వెళ్ళి గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు వరుసలో నిలబడ్డారు. బుడ్డి ఎవరూ చెప్పకుండానే వెళ్ళి చివర్న నిలబడింది.

ఒక్కొక్కళ్ళూ వచ్చి, పుల్లలు పేర్చి, నిప్పు రాజేసి, చిన్న గిన్నెలో నీళ్ళు కాచారు. కొందరిది పొగే తప్ప మంట లేదు, రెండోసారి గీసి గట్టెక్కారు. బేకరీ ఆవిడ కొడుకు ముక్కు నిండా మసి పూసుకుని మరీ నెగ్గాడు. చివరికి బుడ్డి వచ్చింది.

"పొయ్యి ఎక్కడ పెడతావమ్మా?" అంది మేడమ్.

బుడ్డి చిటికెడు మట్టి తీసి గాల్లో వదిలింది. గాలి ఎటునుంచి వస్తోందో చెప్పింది. రాళ్ళు ఎందుకలా పెట్టాలో, సన్నపుల్లలు ఎందుకు ముందు, లావువి ఎందుకు వెనక, పచ్చిపుల్లని విరిచి ఎలా గుర్తుపట్టాలో, పని అయ్యాక నిప్పుని ఎలా ఆర్పాలో, అంతా చెబుతూ చేతులతో పేర్చేసింది. ఆ పేర్చడం చూసి మేడమ్ వంగి మరీ చూసింది. "ఎంత చక్కగా చెప్పావమ్మా! మీ కెప్టెన్ ఎవరు?" అంది. గోడ దగ్గర తల్లి గుండె ఉప్పొంగింది. ఆడబిడ్డ కేసి ఒక చూపు చూసింది. ఆ చూపులో గెలుపంతా ఉంది.

"ఇక వెలిగించు," అని మేడమ్ అగ్గిపెట్టె ఇచ్చింది.

బుడ్డి పెట్టెని అటూ ఇటూ తిప్పింది. ఎటువైపు తెరవాలో తెలియక తలకిందులుగా తెరిస్తే పుల్లలన్నీ నేలమీద పడ్డాయి. ఏరుకుని ఒకటి గీసింది. విరిగింది. ఇంకొకటి మెల్లిగా, భయపడుతూ, ఏదో రాస్తున్నట్టు గీసింది. అంటుకోలేదు. మూడోది భగ్గుమంది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి చేతిలోది వదిలేసింది. పుల్ల పాదం పక్కన పడి ఆరిపోయింది. కుర్చీల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు.

మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని మెల్లిగా అడిగింది. "ఇంతకుముందు ఎప్పుడూ గీయలేదా నాన్నా?"

"లేదండీ."

"మీ ట్రూపులో అందరికీ నేర్పారుగా?"

"నేర్పారండీ," అంది బుడ్డి. "నా వంతు రాలేదు."

మైదానమంతా వినపడింది. ఎవరూ నవ్వలేదు. బేకరీ ఆవిడ ఎందుకో తలొంచుకుంది. మళ్ళీ పెట్టే పరీక్షకి రమ్మని చెప్పి, మేడమ్ పిల్ల తల నిమిరి లేచింది.

అప్పుడైనా తల్లికి తగలాలి కదా ఆ మాట. తగిలింది, కానీ తగలవలసిన చోట కాదు. ఆమెకి వినపడిందల్లా ఆడబిడ్డ కుర్చీ వెనక్కి జరిపి లేచిన చప్పుడు. ఇంటికి పోయే దారంతా పిల్లని దుమ్మెత్తిపోసింది.

"అగ్గిపుల్ల గీయడం రాదా నీకు? పసిపిల్లలు గీస్తారే! నలుగురిలో నా తల తీసేశావు. అన్నీ చెప్పడం వచ్చు, ఆ ఒక్కటీ రాదా? వంతు రాలేదని చెప్పాలా ఆవిడకి? నోరు మూసుకోలేవా?"

బుడ్డి స్కార్ఫ్ విప్పి మడతపెట్టి, చేత్తో పట్టుకుని నడిచింది.

ఇల్లు చేరాక కూడా ఆమె కోపం చల్లారలేదు. గాలిని తిట్టింది. చెమ్మగిల్లిన అగ్గిపెట్టె ఇచ్చిందని మేడమ్‌ని తిట్టింది. ముందు కుర్చీలో కూర్చుని పిల్లని గుడ్లురిమి చూసి బెదరగొట్టిందని ఆడబిడ్డని తిట్టింది. నోరు మెదపనందుకు మొగుణ్ణి తిట్టింది. అతను ఆ ఒక్కసారి మెదిపాడు.

"మాట ఇచ్చావు కదే."

"మాటా లేదు, గీటా లేదు! పిల్ల కనపడకపోతే వెతకని బడికి నా పిల్లని పంపుతానా? రానీ మీ అక్కని. చెబుతా."

సోమవారం పొద్దున్నే ఆడబిడ్డ వచ్చింది. చేతిలో యూనిఫాం పొట్లం. వరుసమ్మ ముందే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంకా సిద్ధం చేయలేదా?" అంది ఆవిడ.

"చేయను. నా పిల్ల రాదు. మీరొచ్చిన దారిన మీరు వెళ్ళండి వదినా."

"సిగ్గు లేదుటే నీకు? నలుగురి ముందు తేలిపోయింది నీ చదువు. చేతికి అగ్గిపుల్ల ఇవ్వడం చేతకానిదానివి, నా బడికి వంకలు పెడతావా?"

"మీ బడిలో మనిషినే మర్చిపోతారు, నాకు నీతులు చెబుతున్నారా?"

మాటామాటా పెరిగింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది, పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడకుండా ఇద్దరూ అరుస్తున్నారు. ఆడబిడ్డని అనాలని ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి వరుసమ్మ దగ్గర. వాటిలో అన్నిటికంటే పదునైన మాట నాలుక చివరకి వచ్చిన సమయానికి వెనకనుంచి బుడ్డి వచ్చింది.

తల నున్నగా దువ్వుకుంది. చిన్నప్పటి బడి సంచి ఎక్కణ్ణుంచి తీసిందో, దుమ్ము దులిపి భుజానికి తగిలించుకుంది. పట్టీలు పొట్టివైపోయి చంకల్లో బిగుసుకున్నాయి.

"నేను వెళ్తానమ్మా," అంది.

"నువ్వు లోపలికి పో. వీళ్ళు నిన్ను భయపెట్టారా? అత్త ఏమైనా అందా? చెప్పు, ఎవరన్నా సరే నేను వదలను."

"ఎవరూ ఏమీ అనలేదు."

"మరెందుకు? ఇక్కడ నీకేం తక్కువైంది?"

అడిగితే గడగడా చెప్పే పిల్ల, దీనికి మాత్రం మాటలు వెతుక్కుంది.

"బడిలో ప్రేయర్‌కి పొట్టివాళ్ళని ముందు నిలబెడతారు కదమ్మా. నేను పొట్టిగానే ఉన్నాగా. ముందుంటాను." ధైర్యం తెచ్చుకుని మళ్ళీ అంది. "ఆదివారం మైదానానికి కూడా వస్తాలే. అప్పుడు నేను బడి పిల్లని కాబట్టి ఎవరూ ఏమీ అనరు. మధ్యలో ఎక్కడైనా నిలబడొచ్చు. అవునా అత్తా?"

ఆడబిడ్డ గెలిచింది. గెలిచిన మనిషి అనాల్సిన మాటలు ఎన్నో ఉంటాయి, ఆవిడ వాటికి పెట్టింది పేరు. కానీ ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది. పిల్ల భుజాల మీద బిగుసుకున్న పట్టీలని వదులు చేయబోయి, అది మరదలి పని అని గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

వరుసమ్మ గుమ్మానికి అడ్డం తొలగింది. నాలుక చివర ఉన్న ఆ పదునైన మాట ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఎవరి మీద విసరాలో ఆమెకి తెలియలేదు. ఎదుట ఉన్న ఇద్దరిలో ఎవరి మీదా విసరలేకపోయింది. ఏదో ఒకటి చేయాలి, పిల్లకి తన చేత్తో ఏదో ఒకటి చేసి పంపాలి. బూట్ల లేసులు కడదామని గభాల్న కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది.

అవి అప్పటికే కట్టేసి ఉన్నాయి.